గూనా దీవులలో మూడు దినములు



మనుచరిత్రమందలి ప్రవరుడు, యాత్రికు లెవ్వరైన వచ్చిరని విన్నచో ఎదురేగి తోడ్కొనివచ్చి, అన్నము పెట్టి, దూరదేశముల వింతలను అడిగి తెలిసికొనెడివాడు. బాల్యమున మా నాయనగారు నాకా కావ్యమును చెప్పునపుడు, “ఆయనకు సిద్ధుడు పాదలేపము నిచ్చెను. ఇంటిపట్టున నుండు స్త్రీకి ఎవ్వరిత్తురు?” అని అడిగితిని. వారు నవ్వి యూరకుండిరి. ఆ పాదలేపము నాకు ముప్పదియైదవ యేట మా తమ్ముని వలన లభించినది. అతడు పనామా నగరమున ఉద్యోగి. 2025వ సంవత్సరపు వేసవి సెలవులలో మావారికిని నాకును విమానపు టికెట్లు పంపెను. పిల్లల నిద్దరిని అత్తగారియొద్ద నుంచి, ఆవకాయ సీసాను పెట్టెలో భద్రపరచి, బయలుదేరితిమి.

పనామా యనగానే మనకు రెండు మహాసముద్రములను కలుపు కాలువ జ్ఞప్తికి వచ్చును. నేను వ్రాయబోవునది దానిని గూర్చి కాదు. ఆ దేశపు ఈశాన్యమున, కరిబియన్ సముద్రతీరమున, చీర యంచువలె సన్నగా సాగిన సీమ యొకటి కలదు. తీరపు టడవులును, వానికెదురుగా సముద్రముపై చెదరియున్న మూడువందల అరువదికి పైబడిన దీవులును కలిసి గూనాయాల యనబడును. గూనాలనువారు ఆ నేల ఆదివాసులు. యాల యనగా భూమి. సంవత్సరమునకు దినము లెన్నియో తమకు దీవు లన్నియని వారు ముచ్చటగా చెప్పుకొందురు. జనులు నివసించు దీవులు సుమారు ఏబది. తక్కినవానియందు కొబ్బరిచెట్లు, ఇసుక, పక్షులు. జనసంఖ్య ముప్పదివేలకు కొంచెము పైబడియున్నది.

ఈ సీమ పనామా దేశములోనిదే. దేశపు చట్టసభకు ఇచ్చటినుండియు సభ్యులు ఎన్నికయగుదురు. కాని భూమి, గ్రామపరిపాలనము, యాత్రికుల రాకపోకలు గూనాల మహాసభ యధీనములు. గూనా కానివాడు అచ్చట గజము నేలనైనను కొనజాలడు.

మా తమ్ముని కార్యాలయమున పనిచేయు ఒక గూనా యువకుడు తన తల్లియింటికి మమ్ము ఆహ్వానించెను. నగరమునుండి జీపులో సుమారు రెండున్నర గంటల ప్రయాణము. చివరి నలుబది కిలోమీటర్ల బాట అడవికొండల మీదుగా పోవును. అది ఒక్కమారుగా పైకెగసి, మఱుక్షణమే క్రిందికి దిగును. నేను కన్నులు మూసికొని ఆంజనేయ దండకమును మూడుమారులు మనసులో చదువుకొంటిని. దారిలో గూనాల కావలి యొకటి వచ్చినది. అచ్చట పాస్‌పోర్టులు చూపి, సుంకము చెల్లించి, రసీదు పుచ్చుకొంటిమి. మావారు ఆ రసీదును మడచి జేబులో పెట్టుకొనుచు, “తమ గడప తామే కాచుకొనువారిని చూచితిమి” అనిరి.

కొండ దిగగానే రేవు. అచ్చటినుండి మరపడవలో కొద్ది నిమిషములకు గార్ది సుగ్దుబ్ అను దీవి చేరితిమి. పొడవు నాలుగువందల మీటర్లకు మించదు. వెడల్పు అందులో సగముకన్న తక్కువ. ఆ కొంచెపు చోట నొకప్పుడు వేయిమందికి పైగా కాపురముండిరి. వెదురువంటి బొంగుల గోడలు, ఆకుల పైకప్పులు, నడుమ నొకరు పోవునంత సందులు. వీధి యరుగుపై కూర్చున్నవారు ఎదురింటి పొయ్యిమీది కూర యుడికినదో లేదో చెప్పవచ్చును. అన్నియు అందముగా నున్నవని వ్రాసినచో అసత్యమగును. చెత్తకు చోటు లేదు. ప్లాస్టిక్ సీసాలు ఒడ్డున తేలుచున్నవి. మరుగుదొడ్లు సముద్రముపైననే కట్టుకొనిరి. అయినను ఇండ్ల లోపలి మట్టినేల అద్దమువలె ఊడ్చియున్నది.

మా కాతిథ్యమిచ్చిన యామెకు డెబ్బది యేండ్లు దాటినవి. పొట్టి మనిషి. తలపై ఎఱ్ఱని రుమాలు, కాళ్లకు మోకాలివరకు, చేతులకు మణికట్టుపైన పసుపు, నారింజ రంగుల పూసలు చుట్టలు చుట్టలుగా కట్టుకొన్నది. ముక్కు దూలము మీదుగా సన్నని నల్లని గీత. ముక్కు నడుమ బంగారు కమ్మి. మన పెద్దల బులాకీకి చుట్టమువలె తోచినది. వారి భాషలో తల్లిని ‘నాన’ యందురు. తండ్రిని ‘బాబా’ యందురు. నేనామెను “నానా” యని పిలువగా మావారికి నవ్వాగలేదు. ఆమె పలుకులను కుమారుడు స్పానిషు భాషలోనికి, మా తమ్ముడు తెలుగులోనికి మార్చుచుండిరి. ఒక మాట రెండు మెట్లు దిగి నాయొద్దకు వచ్చుచుండెను.

వారింట అల్లుండ్రే అత్తవారింటికి వచ్చి యుందురు. మనము ఇల్లరికమని నవ్వుదుము. వారికి అదియే ధర్మము. పూర్వపు వివాహములలో స్నేహితులు వరుని పట్టుకొని, మోసికొని వచ్చి, వధువున్న ఉయ్యాలలో పడవేయుచుండిరట! అల్లుడు మామగారి యాజ్ఞకు లోబడి తోటపనికి, చేపలవేటకు పోవలయును. కూతుండ్రు తల్లిని విడువరు గనుక, తల్లి చేతి పని కూతురి చేతికి ఎడము లేక వచ్చును. ఆ చేతిపనినే ఇప్పుడు చెప్పెదను.

గూనా స్త్రీల రవికెను మోల యందురు. రవికెకు ముందువైపు నొకటి, వెనుకవైపు నొకటి, చదరపు చిత్రపు గుడ్డలు అతుకుదురు. పూర్వము వారు దేహముపై రంగులతో వ్రాసికొనిన చిత్రములే, వర్తకుల వలన గుడ్డ లభించిన పిమ్మట, రవికెలపైకి వచ్చినవట. పనితీరు వినుడు. వేరువేరు రంగుల గుడ్డలను రెండు మూడు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, ఒకదానిపై నొకటి పరచి కుట్టుదురు. పై గుడ్డపై గీత గీసి, దాని వెంబడి కత్తిరింతురు. కత్తిరించిన యంచును సూదిమొనతో లోనికి మడచి, కంటికి కనబడని కుట్లతో బిగింతురు. అప్పుడు అడుగు రంగు గీతవలె వెలికి వచ్చును. మనము గుడ్డపై గుడ్డ వేసి బొమ్మను కుట్టుదుము. వారు పై గుడ్డను తొలగించి లోని బొమ్మను బయటికి తెత్తురు. తాబేలు, పక్షి, పీత, చుక్కాని, దిక్కు తెలియని వంకరదారి, అన్నియు అందులో నుండును. ముందు చిత్రమును వెనుక చిత్రమును అక్కచెల్లెండ్రవలె పోలియుండవలెను, కాని ఒకటే కారాదు.

ఆమె తన మోల నాకు చూపినప్పుడు మొట్టమొదట దానిని తిరుగవేసి వెనుకవైపు చూపెను. నాకు మిక్కిలి సంతోషమైనది. పని తెలిసిన స్త్రీలు ఏ దేశమునందైనను వెనుకవైపే చూతురు! నేను కట్టుకొన్నది ఉప్పాడ జాందానీ చీర. నేనును కొంగు తిరుగవేసి చూపితిని. రెండువైపులు ఒకే తీరుగ నుండుట చూచి ఆమె కూతుండ్రను పిలిచెను. నలువురు చేరి ఆ కొంగును వ్రేళ్లతో తడవి, పోగులు లెక్కించిరి. ఆ గడియలో మా నడుమ నున్న రెండు మెట్ల భాష యవసరము లేకపోయెను.

ఈ పనిని పరులు దొంగిలింపకుండ 2000వ సంవత్సరమున పనామా ప్రభుత్వము, ఆదివాసుల కళలపై వారికి సామూహికమైన హక్కు కలదని చట్టము చేసినది. 2019లో నొక విదేశపు జోళ్ల కంపెనీ మోల చిత్రములను తన జోళ్లపై వేయబూనగా, గూనాలు అభ్యంతరము చెప్పిరి. ఆ జోళ్లు అంగడికి రాలేదు.

సాయంకాలము మేము ఉయ్యాలలలో కూర్చుండి యుండగా, ఆమె నా ముక్కుపుడకను వ్రేలితో తాకి, తన కమ్మిని తాకి, ఏమో చెప్పెను. అది తన నాయనమ్మ ముక్కుకమ్మి యట. దానికొక కథ కలదు. అది గూనాలందరి చరిత్ర.

1903లో పనామా కొలంబియానుండి విడివడి ప్రత్యేకదేశమైనది. క్రొత్త ప్రభుత్వము వారు గూనాలను ‘నాగరికుల’ చేయదలచిరి. దీవులకు పోలీసులను పంపిరి. స్త్రీలు మోలలు తొడుగరాదనిరి, పూసలు తెంపించిరి, ముక్కుకమ్ములు బలవంతముగా తీయించిరి, బాలికలను రాత్రివేళ నాట్యశాలలకు రప్పించిరి. ఓర్చి యోర్చి, 1925 ఫిబ్రవరి నెలలో, ఉత్సవపు దినములలో, నేలె కాంతులె, సిమ్రల్ కొల్మాన్ అను నాయకుల వెంట గూనాలు తిరుగబడిరి. ఉభయపక్షములవారును చంపబడిరి. గూనాల వైపునను ఆ దినములలో క్రూరకృత్యములు జరిగినవి. దానిని దాచి చెప్పుట న్యాయము కాదు. అమెరికావారి యుద్ధనౌకపై మార్చి 4వ తేదీన సంధి జరిగెను. గూనాలు పనామాలోనే యుండుటకును, వారి యాచారముల జోలికి ప్రభుత్వము పోకుండుటకును ఒప్పుదల యైనది. 1938లో వారి సీమకు ఎల్లలు ఏర్పడెను. 1953 నాటి చట్టము వారి స్వపరిపాలనమును స్థిరపరచెను. మేము వెళ్లుటకు మూడు నెలల ముందే ఆ తిరుగుబాటు శతవార్షికోత్సవము జరిగినది.

నాటి పతాక మొకటి ఆ యింటి గోడకు వ్రేలాడుచుండెను. ఎఱుపు, పసుపు పట్టెలు; నడుమ స్వస్తికము! మన గడపలపై పసుపుతో వ్రాయు గుర్తును భూగోళమున కావలివైపున చూచి నాకు ఒడలు పులకరించినది. “ఇది మనదే!” అంటిని. మావారు చరిత్ర చెప్పు ఉపాధ్యాయులు గనుక, “తొందరపడకుము, అడిగి చూడుము” అనిరి. అడుగగా, అది సృష్టిచేసిన యష్టపాదపు గుర్తని, అనగా ఎనిమిది కాళ్ల సముద్రజీవిదని, చెప్పిరి. సిమ్రల్ కొల్మాన్ మనుమరాలు ఆ పతాకమును కుట్టెనట. 1942లో, జర్మనీ నాజీల గుర్తుగా లోకము దానిని భ్రమపడకుండుటకై, దాని నడుమ నొక ఎఱ్ఱని వలయమును చేర్చిరి. ఆ వలయ మేమని యడిగితిని. ముక్కుకమ్మి!

అంతట ఆమె నన్నడిగెను: “నీ నాయనమ్మ ముక్కున ఏమి యుండెడిది?”

“బులాకీ” అంటిని.

“అది యెచ్చట నున్నది?”

నా కుడిచేతి గాజులలో నున్నది. నా వివాహమునకు ముందు, పాతకాలపు సొమ్ము ఎవరు పెట్టుకొందురని, మా యమ్మగారు దానిని కరగించి నా గాజులలో కలిపించిరి. అప్పుడు నేనే తొందరపెట్టితిని. ఏ పోలీసును మా వాకిటికి రాలేదు, ఎవ్వరును బలవంతపెట్టలేదు. ఆ సంగతి చెప్పుటకు నోరు రాక, గాజును చూపి, “కరగించితిమి” అంటిని. మా తమ్ముడు తెలుగునుండి స్పానిషునకు మార్చుటకు కొంచెముసేపు పట్టినది. అతనికిని నాయనమ్మ జ్ఞప్తికి వచ్చియుండును.

ఆమె నన్ను తప్పుపట్టలేదు. గడపయొద్ద సెల్‌ఫోను చూచుకొనుచున్న తన మనుమరాలిని చూపెను. ఆ పిల్ల జీన్సు ప్యాంటు తొడిగియున్నది. ముక్కున ఏమియు లేదు. “తీయుమన్నవాడు పోలీసైనచో యుద్ధము చేయుదుము. తీసినది మనుమరాలైనచో ఏమి చేయుదును? కథ చెప్పుదును” అనెను.

మఱునాడు పడవపై ఒక కొబ్బరిదీవికి పోయితిమి. నీరు ఇంద్రనీలపు రంగు. ఇసుక పిండివలె తెల్లన. మావారు రాలిన కొబ్బరికాయ నొకదానిని కోనసీమలోవలె సహజముగా చేతికి తీసికొనిరి. పడవ నడుపు కుఱ్ఱవాడు వినయముగా, “అయ్యా, దింపివేయుడు” అనెను. మనుష్యుడు లేని దీవియందును ప్రతి చెట్టునకు యజమాని కలడు. కాపలాకు కుటుంబములు వంతులవారీగా వచ్చి యుండును. ఒకప్పుడు కొబ్బరికాయయే వారి నాణెము. కొలంబియా పడవలవారికి కాయలిచ్చి బట్టలు, పంచదార, దినుసులు పుచ్చుకొనెడివారు. తలపంపుచు మావారు కాయను యథాస్థానమున నుంచిరి. మధ్యాహ్నము మాకు పెట్టిన భోజనము కొబ్బరిపాలలో ఉడికించిన పచ్చి అరటికాయ, కఱ్ఱపెండలము. మాకొఱకు చేప లేకుండ వేరుగా వండిరి. ఆవకాయ సీసా తీసితిని. నాన ఒక ముక్క నోట వేసికొని, కన్నుల నీరు పెట్టుకొని, మఱియొక ముక్క యడిగెను.

ఆ సాయంకాలము ఆమె మమ్ము ప్రధానభూమిపై నున్న ఇస్బెర్‌యాలకు కొనిపోయెను. ఈ యూరి సంగతి చెప్పనిదే నా యాత్ర పూర్తికాదు. దీవులు సముద్రముకన్న అడుగో రెండడుగులో ఎత్తుననే యున్నవి. సముద్రము ఏటేట పెరుగుచున్నది. వానగాలుల కాలమున అలలు ఇండ్లలోనికి వచ్చి, పొయ్యిలార్పి, ఉయ్యాలల క్రింద నిలుచును. జనము పెరుగగా, పగడపురాళ్లను తవ్వి ఒడ్డులను పెంచుకొనుటచే, అలల నాపు పగడపుగోడ తగ్గిపోయినది. ఆ తప్పును వారే యొప్పుకొందురు. ఈ శతాబ్దము ముగియులోపల దీవులలో పెక్కు మునుగునని శాస్త్రజ్ఞుల యంచనా. గార్ది సుగ్దుబ్ వాసులు 2010 ప్రాంతముననే సభచేసి, తీరమున తమ సొంతభూమిని ఎంచుకొనిరి. 2024 జూన్ నెలలో ప్రభుత్వము కట్టించిన మూడువందల ఇండ్లలోనికి సుమారు మూడువందల కుటుంబములు తరలిరి. కొందరు మాత్రము దీవిని విడువలేదు.

క్రొత్త యిండ్లు సిమెంటువి. వరుసలు తీర్చి, ఒకే తీరున నున్నవి. విద్యుద్దీపములు కలవు. పిల్లలకు పరుగెత్తుటకు వీధులున్నవి. “సౌఖ్యముగా నున్నదా?” అని యడిగితిని. “నేల తడవదు. కాని రాత్రి మెలకువ వచ్చినచో అలల చప్పుడు వినరాదు. నిద్ర పట్టదు” అనెను. అందుచేత ఆమె వారములో సగము దినములు పాత యింటికి పోవును. మా పుట్టినిల్లు ఉప్పాడకు దాపు. అచ్చటను సముద్రము ఊరిని కొంచెము కొంచెముగా కొరుకుచున్నది. నేను చిన్ననాట నడచిన వీధి యొకటి ఇప్పుడు నీటిలో నున్నది. ఆ మాట చెప్పగా ఆమె నా చేయి పట్టుకొని చాలసేపు విడువలేదు.

సిమెంటు ఇండ్ల నడుమ ఆకుల కప్పుతో పెద్ద సభామందిరము కలదు. రాత్రి మమ్ము అచ్చటికి రానిచ్చిరి. నడుమ ఉయ్యాలలో సైలా యనబడు గ్రామపెద్ద పండుకొని, పూర్వుల కథను దీర్ఘస్వరముతో పాడెను. అది పాతమాటల భాష, సామాన్యులకు తేటపడదు. ఆయన పాట ముగింపగా, అర్గర్ అనువాడు లేచి దాని యర్థమును వాడుకమాటలలో చెప్పెను. సోదరీమణులారా, ఇది మన పురాణకాలక్షేపమే గదా! ఒకరు పద్యము చదువుట, మఱియొకరు అర్థము చెప్పుట. నిద్రపోవువారిని లేపుటకు నడుమ నడుమ నొకడు కేక వేయుటయు కలదు. మన యూళ్లలో ఆ యేర్పాటు లేకపోవుట లోపమని మావారనిరి. స్త్రీలు వినుచునే మోలలు కుట్టుచుండిరి. చెవి కథయందు, చేయి సూదియందు.

నేనచ్చట కూర్చుండి ద్వారకను తలచుకొంటిని. సముద్రము ద్వారకను ముంచినపుడు అర్జునుడు స్త్రీలను బాలురను వెంటగొని పోయెను. దారిలో దొంగలు పడగా గాండీవధారి వారిని కాపాడలేకపోయెను. ఇచ్చట గాండీవధారి యెవ్వడును లేడు. నీరు గడప దాటకముందే జనులు తామే కూర్చుండి మాటలాడుకొని, తమ నేలయందే చోటెంచుకొని, లేచిరి. దీవిని మోసికొని రాలేకపోయిరి. కాని సభను తెచ్చుకొనిరి, ఉయ్యాలను తెచ్చుకొనిరి, సూదిపెట్టెను తెచ్చుకొనిరి.

మూడవనాడు సెలవు పుచ్చుకొంటిమి. నేనొక మోల కొంటిని, బేరమాడలేదు. అది ఆమె తొడిగి విప్పిన రవికెనుండి తీసినది; అంచులు కొంచెము వెలసినవి. జీపు కొండ యెక్కువరకు మాలో నెవ్వరును మాటలాడలేదు. ఆ పైన మా తమ్ముడు, “అక్కా, నాయనమ్మ బులాకీకి ముత్య ముండెడిది కదా?” అనెను. ఉండెడిది. ఆ ముత్యమేమైనదో మా కిరువురకును తెలియదు.

ఇంటికి వచ్చిన పిమ్మట మా యమ్మాయికి నా గాజును చూపి, అందులో నేమి కరగియున్నదో చెప్పితిని. దానిని పెట్టుకొనిన యామె పేరు, ఊరు, ఆమె నవ్వినపుడు ఆ ముత్యము పెదవిపై కదలెడి తీరు చెప్పితిని. ముక్కు కుట్టించుకొమ్మని మాత్రము చెప్పలేదు. అది దాని యిష్టము.

సోదరీమణులారా, మీ యింట అడుగుపెట్టెలో పెద్దల సొమ్ము లేవైన మిగిలియున్నచో, కంసాలి కిచ్చుటకు ముందు, ఆ యింటి ముసలమ్మను ఒకమారు అడుగుడు. దాని పేరేమి, అది యెవరిది, ఎవరు చేయించిరి. తరువాత కరగింపవలసివచ్చినచో కరగింపుడు. కథ మాత్రము మీయొద్ద నుండును.